వ్యూఫైండర్ చూడకుండా ఫొటో తీయడం

చంద్రుడి మీద వ్యోమగాములు తీసినట్టు, వ్యూఫైండర్‌లో (కెమెరాకు కన్ను పెట్టి చూసే కిటికీలో) చూడకుండా ఫొటో తీయాలన్న సరదాతో నా పాత ఫిల్ము కెమెరాతో సాధన మొదలుపెట్టాను. మీరూ ప్రయత్నించండి.

ముందు మందపాటి గ్లౌజులు తొడుక్కోండి. ఏ మీట వేలికి అందదో వెంటనే తెలిసిపోతుంది. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి వెంట తీసుకెళ్లింది మామూలు దుకాణంలో కొన్న ఆన్స్కో కెమెరా. గ్లౌజులతోనూ వాడగలిగేలా దాన్ని తలకిందులు చేసి, పిస్తోలు పిడి లాంటి పట్టు బిగించారు. హెల్మెట్ అడ్డొస్తుంది కనుక వ్యూఫైండర్‌నూ వేరుగా అమర్చారు.

ఇప్పుడు కెమెరాను ఛాతీకి కట్టుకోండి. అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో కన్ను పెట్టి చూసే ఏర్పాటే లేదు. ఒంటిని తిప్పి గురిపెట్టడమే. నా మొదటి రీలులో సగం మందికి తలల్లేవు! నడుము కొద్దిగా వెనక్కి వంచితే కుదిరింది.

షట్టర్‌ను (ఫిల్ము మీద వెలుతురు పడే సమయాన్ని) 1/250 సెకను దగ్గర వదిలేయండి. 160 వేగం (వెలుతురును పట్టే చురుకుదనం) ఉన్న ఫిల్ముతో లెన్సు రంధ్రాన్ని ఎండలో ఎఫ్/11కి, నీడలో ఇంకా పెద్దదైన ఎఫ్/5.6కి పెట్టండి. వాళ్లకూ ఇంచుమించు ఇవే అంకెలు. ఫోకస్‌కు దూరాన్ని అంచనా వేసి ముందే తిప్పి పెట్టుకోండి. ఎఫ్/11 దగ్గర చిన్న పొరపాట్లు కనబడవు.

కిటికీ అద్దంలోంచి తీస్తుంటే మాత్రం అద్దంలో ప్రతిబింబించకుండా కెమెరా మెరిసే భాగాలను నల్లగుడ్డతో కప్పండి. 1962లోనే మరో వ్యోమగామి వాలీ షిరా తీసుకెళ్లిన హాసెల్‌బ్లాడ్‌కు ఇందుకే నల్లరంగు వేశారు.