పాత స్కానర్‌ను మళ్లీ పనిలో పెట్టడం – మూడో పాఠం: నంబరు చెప్పే సంగతి

కిందటి పాఠంలో స్కానర్ అడుగున ఉండే తాళపు మీటను విప్పాం, కంప్యూటర్‌లో విండోస్ పక్కనే ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకున్నాం. ఈసారి స్కానర్‌నూ ఉబుంటునూ ఒకదానితో ఒకటి మాట్లాడిద్దాం.

హనుమకొండలో ఒక దుకాణంలో నా స్కానర్‌ను చూసి, 'ఇది ఇక పనికిరాదు, కొత్తది కొనండి' అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధే. దాని అద్దం, దీపం, మోటారు అన్నీ బాగానే ఉన్నాయి. స్కానర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. పాత 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవర్‌ను 64 బిట్ల విండోస్ ఎక్కించుకోదు, అంతే. చెడనిదాన్ని చెత్తలో వేయకండి.

స్కానర్‌ను తగిలించి, ఉబుంటులో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరవండి. ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే ఐదు ఇంగ్లిషు అక్షరాలను చిన్నబడిలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. తగిలించి ఉన్న పరికరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కోదానికి రెండు భాగాల నంబరు ఉంటుంది. కానన్ లైడ్ 25 అయితే 04ఎ9:2220. మొదటి భాగం తయారీదారుది, రెండోది ఆ మోడల్‌ది. పెట్టె మీది పేరు కన్నా ఈ నంబరునే నమ్మండి. ఒకే రకం పేరుతో అమ్మిన రెండు స్కానర్లలో లోపలి చిప్‌లు వేరు కావచ్చు.

ఈ నంబరుతో 'సేన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జాబితాలో వెతకండి. ఏ స్కానర్‌కు దానిలోని ఏ భాగం పనిచేస్తుందో అక్కడ ఉంటుంది. లైడ్ 25కు ప్లస్‌టెక్ అనే భాగం సరిపోతుంది. కొన్ని స్కానర్లకు మాత్రం కరెంటు అందిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఫైలు (స్కానర్ లోపలి చిప్‌ను నడిపే ప్రోగ్రాం) ఒకటి పంపాలి. విండోస్‌లో ఆ పని డ్రైవరే చేసేది, అందుకే మనకు తెలియలేదు. స్కానర్‌తో వచ్చిన సీడీలో ఆ ఫైలు ఉండవచ్చు, కాబట్టి సీడీని పారేయకండి.

ఇప్పుడు 'స్కాన్‌ఇమేజ్' ఆదేశాన్ని ఇంగ్లిషులో చిన్నబడిలో కొట్టి, ఒక ఖాళీ విడిచి, అడ్డగీత, దాన్ని ఆనుకుని పెద్ద ఎల్ రాయండి. స్కానర్ పేరు వస్తే గట్టెక్కినట్టే. రాకపోతే అదే ఆదేశానికి ముందు, నిర్వాహకుడి హక్కులతో నడిపించే 'సుడో' అనే మాటను చేర్చి మళ్లీ ఇవ్వండి. అప్పుడు మాత్రమే వస్తే లోపం స్కానర్‌ది కాదు, అనుమతిది. మీ ఖాతాను 'స్కానర్' అనే గుంపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లోపలికి రండి. చాలామంది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే విసిగి వదిలేస్తారు. దయచేసి ఇక్కడ ఆగకండి.

వచ్చే పాఠానికి ఇంట్లో ఉన్న 1954-55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) నకలునో, నిజాం కాలపు ఉర్దూ దస్తావేజునో తీసి ఉంచండి. మడతల దగ్గర బలంగా సాపు చేయకండి, కాగితం విరిగిపోతుంది. వెలిసిన సిరాను ఎంత రిజల్యూషన్‌లో పట్టాలో ఆ కాగితం మీదే చూద్దాం.