జనగణన పట్టికల మార్పిడి – మూడవ పాఠం: ఎక్సెల్ నుంచి సీఎస్‌వీకి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 2011 జనగణన ప్రాథమిక సారాంశ పట్టికను దించుకొని, అందులోని నిలువు వరుసలను గుర్తుపట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఎక్సెల్ రూపంలో ఉన్న ఆ పట్టికను ఏ ప్రోగ్రామైనా చదవగలిగే సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసిన సాదా పాఠ్యం) రూపంలోకి మార్చడం ఈ పాఠంలో చేయవలసిన పని. ఇందులో నొక్కవలసిన మీటలు నాలుగైదే గాని, జాగ్రత్తపడవలసిన చోట్లు వేరే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు చూడవలసినవి ప్రాంత సంకేతాలు. ఆ జనగణనలో రాష్ట్రానికి రెండు, జిల్లాకు మూడు, ఉపజిల్లాకు ఐదు, గ్రామానికి లేదా పట్టణానికి ఆరు అంకెల సంకేతం ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంకేతం 28, హైదరాబాద్ జిల్లాది 536 కనుక మన పట్టికలో చిక్కు కనిపించకపోవచ్చు; కానీ జమ్మూ కాశ్మీర్ సంకేతం 01. దాన్ని సంఖ్యగా భావించే ప్రోగ్రాము ముందున్న సున్నాను తీసేసి 1 అని రాసుకుంటుంది, ఆ తరువాత ఆ వరుస మరే పట్టికతోనూ జతపడదు. కూడడానికీ తీసివేయడానికీ పనికిరాని అంకెలను పాఠ్యంగానే ఉంచాలి.

ఎక్సెల్ వంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఫైలు తెరిచి, ‘సేవ్ యాజ్’లో ‘టెక్స్ట్ సీఎస్‌వీ’ ఎంచుకోండి. తరువాత వచ్చే పెట్టెలో అక్షర సంకేతనం యూటీఎఫ్-8గా (తెలుగుతో సహా అన్ని లిపులనూ నిలిపే పద్ధతి), విభాజకం కామాగా ఉంచి, పాఠ్యపు గడులన్నిటికీ కొటేషన్ గుర్తులు పెట్టే ఎంపికకు టిక్కు పెట్టండి. తెరిచి ఉన్న షీటు ఒక్కటే భద్రమవుతుంది. మిగతా షీట్లుంటే ఒక్కొక్కదాన్నీ విడిగా మార్చాలి.

ఇంత జాగ్రత్తగా చేసిన ఫైలు కూడా చాలాసార్లు చెడేది మార్పిడిలో కాదు, సరిచూద్దామని దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు. సున్నాలు అప్పుడు మాయమవుతాయి, అలాగే సేవ్ చేస్తే ఆ నష్టం ఫైలులోకే ఎక్కుతుంది. సరిచూడడానికి నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటరే మేలు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పట్టికల కోసం పాండాస్ అనే లైబ్రరీ వాడేవారు ఫైలు చదివేటప్పుడే సంకేతాల నిలువు వరుసలను పాఠ్యంగా ప్రకటించాలి.

ఇక లెక్క సరిచూడడం. ఈ పట్టికలో రాష్ట్రానికి, ప్రతి జిల్లాకు మొత్తం, గ్రామీణ, పట్టణ అని మూడేసి వరుసలుంటాయి. రాష్ట్ర, జిల్లా స్థాయి వరుసలు మాత్రమే ఉన్న ఫైలులో జనాభా నిలువు వరుసను పై నుంచి కింది దాకా కూడితే ప్రతి మనిషీ రాష్ట్ర వరుసల్లో రెండుసార్లు, జిల్లా వరుసల్లో రెండుసార్లు, అంటే నాలుగుసార్లు లెక్కకు వచ్చి 33,83,23,108 తేలుతుంది. స్థాయి ‘డిస్ట్రిక్ట్’, రకం ‘టోటల్’ అన్న వరుసలను మాత్రమే వడకట్టండి. 532 నుంచి 554 వరకు సంకేతాలున్న 23 జిల్లాలు మిగలాలి, వాటి మొత్తం 8,45,80,777 కావాలి. పురుషులు 4,24,42,146, స్త్రీలు 4,21,38,631 అన్నవి కూడా విడివిడిగా సరిపోవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ముందుకు వెళ్లవద్దు; వరుస జారిందో, వడకట్టడంలో ఏదైనా జిల్లా తప్పిపోయిందో వెతకండి.

అభ్యాసం: 01 సంకేతం గల రాష్ట్రపు పట్టికను ఇదే పద్ధతిలో మార్చి, సాదా ఎడిటర్‌లో తెరిచి, కుప్వారా జిల్లా సంకేతం 001గానే ఉందో లేదో చూడండి. కలిపేసిన శీర్షిక గడులు సీఎస్‌వీలో ఖాళీలుగా మారే పట్టికలను నాలుగవ పాఠంలో తీసుకుందాం.