కాలేజీ నుంచి షోకాజ్ నోటీసు వచ్చిందా? సంతకం పెట్టే ముందు ఏం చేయాలి

పర్లాకిమిడిలో ఉండే మా చెల్లెలి కొడుకు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఆఫీసుకి పిలిచి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఒడియాలో ఉంది, నాకు సరిగ్గా అర్థం కాలేదు" అన్నాడు. హాస్టల్లో జరిగిన కొట్లాటలో తన తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం అది. కొట్లాట జరిగిన రాత్రి వాడు అసలు హాస్టల్లోనే లేడు. ఆ తర్వాత మేం వెళ్లి ఏం చెప్పబోయినా ముందు ఆ సంతకమే చూపించేవారు.

ఒడిశాలో బరంపురం నుంచి రాయగడ దాకా, అటు మహారాష్ట్రలో సిరొంచ వైపు కూడా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కాలేజీలో ఒడియాలోనో మరాఠీలోనో కాగితాలు అందుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పని: చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు

షోకాజ్ నోటీసు, అంటే మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడిగే కాగితం, చేతికిస్తే "అందింది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అది రసీదు మాత్రమే. అదే వాంగ్మూలమో క్షమాపణ పత్రమో అయితే, "ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని రేపు నా జవాబు రాసిస్తాను సార్" అని మర్యాదగా అడగండి. భయంలో ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఆ రోజే, లేదంటే మర్నాడే, ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాయండి: అందులో ఏముందో తెలియకుండా పెట్టాను, ఎవరూ చదివి వినిపించలేదు, దాన్ని నా ఒప్పుకోలుగా తీసుకోవద్దు అని. ఆలస్యమయ్యే కొద్దీ ఈ మాటకి విలువ తగ్గిపోతుంది.

రెండో పని: నోటీసులో ఏముందో చూడండి

ఏ తేదీన, ఎక్కడ, ఏం చేశారని అంటున్నారు? ఏ నియమం కింద? జవాబుకి ఎన్ని రోజులు? "క్రమశిక్షణ తప్పాడు" అని ఒక్క ముక్క రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. వివరాలు, ఫిర్యాదు నకలు, పరీక్ష కేసయితే ఇన్విజిలేటర్ రిపోర్టు, పట్టుకున్న స్లిప్పు నకలు ఇమ్మని రాసి అడగండి. ప్రభుత్వ కాలేజీ, యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. దానికి 30 రోజుల గడువుంటుంది కాబట్టి అది వచ్చేదాకా జవాబు ఆపొద్దు.

మూడో పని: జవాబు రాయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ముందు తెలుగులోనే, ఏ గంటకి ఎక్కడ ఉన్నారో, ఏం చూశారో వరసగా రాసుకోండి. భాష కోసం తడుముకుంటే అసలు విషయం జారిపోతుంది. తర్వాత ఇంగ్లీషులోకో ఒడియాలోకో రాయించి, రెండూ కలిపి ఇవ్వండి. ప్రభుత్వ అధికారులకు ఇచ్చే విన్నపాన్ని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. అయినా విచారణ కమిటీలో కూర్చున్నవాళ్లు చదవగలిగితేనే మీకు మేలు.

వినికిడి మాటలు రాయొద్దు. కొంత తప్పు మీదైతే అంతవరకు ఒప్పుకుని, మిగతాది కాదనండి. బస్సు టికెట్, హాజరు పట్టీ, ఫోన్లో ఫొటోలు, చూసినవాళ్ల పేర్లు జతచేయండి. మావాడి విషయంలో హాస్టల్ అవుట్ రిజిస్టర్‌లో వాడు ఊరికి వెళ్లిన తేదీ ఉంది. ఆ పేజీ దొరికాకే మా మాట విన్నారు. చివర్లో "నా మాట స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వండి" అని తప్పకుండా రాయండి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఒక జాగ్రత్త: అదే విషయంలో పోలీసు కేసు కూడా ఉంటే, వకీలుని అడక్కుండా కాలేజీకి ఏదీ రాసివ్వొద్దు.

నాలుగో పని: కమిటీ ముందుకి వెళ్లడం

ఉత్తరప్రదేశ్ ఇంటర్ బోర్డు విద్యార్థుల మాట వినకుండానే వాళ్ల పరీక్షలు రద్దు చేస్తే, అలా చెల్లదని 1962లో ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ కోర్టులో అడిగినట్టు సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ప్రతిసారీ ఉండదు. రాంచీ మెడికల్ కాలేజీ అమ్మాయిల హాస్టల్ కేసులో, అమ్మాయిల వాంగ్మూలాలు నిందితులైన అబ్బాయిలు లేనప్పుడు తీసుకోవడం సరైనదేనని 1973లో అదే కోర్టు చెప్పింది. వాళ్ల భద్రత కోసం అది అవసరమని నేనూ నమ్ముతాను. గది మొత్తం కాపీ కొట్టిందని సెంటర్ ఫలితాలే రద్దు చేసినప్పుడు ఒక్కొక్కరినీ పిలవకపోవచ్చు.

వకీలుని సాధారణంగా రానివ్వరు. భాష రాకపోతే అర్థం చెప్పే మనిషినో, అమ్మానాన్నల్లో ఒకరినో తోడుగా రానివ్వమని ముందే రాసి అడగండి. ఫిర్యాదు చేసిన లెక్చరరే కమిటీలో ఉంటే, విచారణ మొదలవకముందే అభ్యంతరం రాసివ్వండి. అంతా అయ్యాక చెబితే, అప్పుడెందుకు ఊరుకున్నావు అంటారు.

శిక్ష వేస్తే

కారణాలతో రాసిన ఆర్డరు అడిగి తీసుకోండి. నియమాల్లో అప్పీలు ఉంటే గడువులోగా వేయండి. కాలేజీ తన నియమాలు తానే తప్పినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఇవ్వకపోయినా, 2023 నాటి యూజీసీ నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి వెళ్లొచ్చు. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాని నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదుల మీద అప్పీలు వినే అధికారికి, అప్పీలు చేసుకోవాలి.

పరీక్షలు దగ్గరపడి ఏడాది పోయేలా ఉంటే, 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ (హక్కుల కోసం నేరుగా హైకోర్టుకి పెట్టుకునే దరఖాస్తు) వేసి, కేసు తేలేదాకా పరీక్ష రాయనివ్వమని కోరవచ్చు. ఒడిశా వాళ్లకి అది కటక్‌లో, సిరొంచ వాళ్లకి బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్‌లో. డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నోటీసు, మీ జవాబు ముద్ర ప్రతి, ఆర్డరు మూడూ పట్టుకెళ్లండి.