ఎల్లోస్టోన్‌లో గీజర్లను, వేడినీటి బుగ్గలను చూడబోయేవారికి

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో వేడినీటి బుగ్గలు, వేడినీటిని, ఆవిరిని ఉండుండి పైకి ఎగజిమ్మే గీజర్లు, ఆవిరి రంధ్రాలు, బురద గుంటలు అన్నీ కలిపి పదివేలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని గీజర్లలో దాదాపు సగం ఇక్కడివే. అయినా చాలామంది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ ఒక్కసారి ఎగజిమ్మగానే ఫోటోలు తీసుకుని కారెక్కేస్తారు. అంతదూరం వెళ్లినవారు ఆ ప్రాంతానికి కనీసం ఒక పూట కేటాయించుకోవాలి.

ముందుగా అక్కడి విజిటర్ సెంటర్‌లో, ఏ గీజర్ ఎప్పుడు ఎగజిమ్మవచ్చో రేంజర్లు (పార్కు సిబ్బంది) రాసిపెట్టిన అంచనా వేళలు చూసుకోండి. పార్కులో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కనుక వాటిని కాగితం మీద రాసుకోవడం మేలు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు గంటన్నరకు ఒకసారి ఎగజిమ్ముతుంది. క్రితంసారి కొద్దిసేపే ఎగజిమ్మితే తరువాతిది త్వరగా వస్తుంది, ఎక్కువసేపు సాగితే ఆలస్యమవుతుంది. ఆ విరామంలో చెక్క బాట వెంట కాజిల్, గ్రాండ్ గీజర్ల వైపు నడవండి. నా దృష్టిలో ఓపికగా కూర్చుని చూడదగినది గ్రాండ్ గీజరే. దాని మడుగు నెమ్మదిగా అంచుల దాకా నిండుతుంది, నీటి మీద చిన్న అలలు కదులుతాయి, ఆ తరువాత నీరు ఒక్కొక్కసారి 200 అడుగుల ఎత్తుకు లేస్తుంది.

గ్రాండ్ ప్రిస్మాటిక్ బుగ్గను చల్లని ఉదయం వేళ ఆవిరి కప్పేస్తుంది కాబట్టి మధ్యాహ్నం చూడడం మంచిది. దాని రంగులు పూర్తిగా కనిపించాలంటే ఫెయిరీ ఫాల్స్ దారిలో ఉన్న ఎత్తైన వ్యూ పాయింట్‌కు ఎక్కాలి. అంచుల్లోని పసుపు, నారింజ రంగులు వేడిని తట్టుకునే సూక్ష్మజీవులవి. నడుమ నీలంగా ఉన్న నీరు వాటికి సైతం భరించలేనంత వేడిగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, చెక్క బాట నుంచి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకండి. గట్టి నేలలా కనిపించేది చాలాచోట్ల పలుచని పొర మాత్రమే, దాని కింద మరిగే నీరు ఉంటుంది. ఈ బుగ్గల్లో పడి కాలిన గాయాలతో ఇప్పటివరకు 20 మందికి పైగా చనిపోయారు. చిన్నపిల్లలను చేయి పట్టుకునే నడిపించండి. టోపీ గాలికి ఎగిరి అవతల పడితే దాన్ని వదిలేసి రేంజరుకు చెప్పండి. పుణ్యక్షేత్రాల్లో అలవాటుగా కోనేటిలో వేసినట్టు ఇక్కడ నాణేలు వేయకూడదు. మార్నింగ్ గ్లోరీ బుగ్గ అలా జనం విసిరిన వస్తువులతోనే పూడుకుపోయి, నీరు చల్లబడి, తన నీలిరంగును చాలావరకు కోల్పోయింది.

గీజర్ తుంపరలో సిలికా అనే ఖనిజం ఉంటుంది. కళ్లద్దాల మీద, కెమెరా లెన్సు మీద అది ఎండిపోతే మరక వదలదు కాబట్టి వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి. నవంబరు మొదటి వారం నుంచి ఏప్రిల్ నడిమి వరకు లోపలి రోడ్లలో చాలావాటిపై కార్లను అనుమతించరు కనుక, తేదీలు ఖరారు చేసుకునే ముందే ఏ రోడ్లు తెరిచి ఉంటాయో విచారించండి.