లోతు సముద్రపు వీడియోలో నక్షత్ర చేపలనూ బ్రిటిల్ స్టార్లనూ గుర్తుపట్టడం ఎలా?

పరిశోధన నౌకలు లోతు సముద్రంలోకి దించే రిమోట్ వాహనాల దృశ్యాలను ఇప్పుడు ఎవరైనా ఇంటి నుంచే చూడవచ్చు. దీపాల వెలుగులోకి చేతులున్న జీవి ఒకటి వస్తుంది, పట్టుమని పది సెకన్లు కనిపించి పక్కకు జారిపోతుంది. ఆ పది సెకన్లలో చాలామంది చేసే మొదటి పని దాని చేతులు లెక్కపెట్టడం. దానివల్ల తేలేది చాలా తక్కువ. నక్షత్ర చేపలకూ బ్రిటిల్ స్టార్లకూ సాధారణంగా అయిదు చేతులే ఉంటాయి. రెండు వర్గాల్లోనూ అంతకంటే ఎక్కువ చేతులున్న జాతులు కూడా ఉన్నాయి.

ముందుగా చూడవలసింది చెయ్యి శరీరంతో కలిసే చోటు. నక్షత్ర చేప చెయ్యి మొదలు దగ్గర వెడల్పై, ఎక్కడ చెయ్యి ముగిసి ఎక్కడ ఒళ్లు మొదలైందో చెప్పలేనట్లుగా మధ్యభాగంలో కలిసిపోతుంది. బ్రిటిల్ స్టార్ అలా ఉండదు: నడుమ బొత్తాం లాంటి చిన్న గుండ్రని బిళ్ల, దానికి తెచ్చి అతికించినట్లుగా సన్నని పొడవాటి చేతులు. బిళ్ల చుట్టూ వేలితో గీత గీయగలననిపిస్తే అది చాలావరకు బ్రిటిల్ స్టారే.

తర్వాత కదలికను గమనించాలి. నక్షత్ర చేప కింది వైపు ప్రతి చేతి పొడవునా తెరిచి ఉన్న గాడి ఉంటుంది, అందులో వరుసగా నాళికా పాదాలు, అంటే గొట్టాల్లాంటి మెత్తని చిన్న కాళ్లు ఉంటాయి. అది వాటి మీదే జరుగుతుంది కాబట్టి చేతులు పెద్దగా వంగకుండానే ఒళ్లంతా మెల్లగా ముందుకు పోయినట్లు కనిపిస్తుంది. బ్రిటిల్ స్టార్‌లో ఆ గాడి పలకల కింద మూసుకుపోయి ఉంటుంది. దాని చేతి లోపల వెన్నుపూసల్లాంటి సున్నపు ముక్కలు ఒకదాని వెనక ఒకటి అమరి ఉండటంవల్ల, అది చేతులనే తెడ్లలా వేసి, బిళ్లను కొద్దిగా పైకెత్తి, గబగబా పాకుతుంది. ఈ వర్గానికి గ్రీకులో పాము తోక అనే అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణం ఈ మెలికలే. దృశ్యం స్పష్టంగా ఉంటే ఇంకొక గుర్తు కూడా దొరుకుతుంది: నక్షత్ర చేప వీపు మీద, నడిమధ్యకు కాస్త పక్కగా, మాడ్రిపోరైట్ అనే చిన్న బిళ్ల కనిపిస్తుంది. బ్రిటిల్ స్టార్‌కు అది కింది వైపున నోటి దగ్గర ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే కనిపించదు.

అయితే ఇంత జాగ్రత్త పడినవారిని కూడా బ్రిసింగిడ్‌లు బోల్తా కొట్టిస్తాయి. ఇవి నక్షత్ర చేపలే, కానీ నడుమ చిన్న బిళ్ల, దాని చుట్టూ పొడవాటి పెళుసు చేతులు ఉండటంతో, పైన చెప్పిన గీత పరీక్షలో బ్రిటిల్ స్టార్లుగా తేలిపోతాయి. రాయి మీదో పగడం మీదో కూర్చుని చేతులన్నీ బుట్టలా పైకెత్తి, ప్రవాహంలో కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. వీటిని చూసినప్పుడు చేతుల పొడవునా నిలబడి ఉండే పొడుగాటి ముళ్లనూ, గాడిలో బయటికి కనిపించే నాళికా పాదాలనూ వెతకాలి. 1853లో నార్వేలోని హార్డాంగర్ ఫియర్డ్ లోతుల నుంచి మొదటి బ్రిసింగాను పైకి తీసిన పీటర్ క్రిస్టెన్ అస్బ్యోర్న్‌సెన్ దానికి నార్స్ పురాణాల్లోని ఫ్రేయా దేవత కంఠహారం బ్రిసింగామెన్ పేరు పెట్టాడు. ఆ దేశపు జానపద కథలను సేకరించి పేరు పొందిన మనిషికి అలాంటి పేరు తట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చేతులు పైకెత్తి కూర్చునేవి ఇంకా రెండున్నాయి. చేతికి రెండు పక్కలా ఈకలా సన్నని పోగులుంటే అది ఫెదర్ స్టార్, కింద కాడ కూడా ఉంటే సముద్ర లిల్లీ. చేతులు కొమ్మలు కొమ్మలుగా చీలి, చివరలు తీగల్లా చుట్టుకుపోతే అది బాస్కెట్ స్టార్, అంటే బ్రిటిల్ స్టార్ల బంధువు. 1818లో ఆర్కిటిక్ ప్రాంతపు బాఫిన్ అఖాతంలో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ లోతు కొలిచే తాడుకు చిక్కుకుని ఎంతో లోతు నుంచి పైకి వచ్చినది ఇలాంటిదే. అయినా పాతికేళ్ల తర్వాత ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 300 ఫాథమ్‌ల (సుమారు 550 మీటర్ల) కింద జీవం ఉండదని ప్రతిపాదించాడు.

జీవి దేని మీద ఉందో చూడటం మరిచిపోకూడదు. పగడపు కొమ్మ మీద నక్షత్ర చేప ఉండి, దాని వెనకాల కొమ్మ తెల్లగా బోడిగా మిగిలితే, అది పగడాన్ని తింటున్నదని అనుకోవచ్చు. అదే కొమ్మకు పాములా చుట్టుకున్న బ్రిటిల్ స్టార్ చాలావరకు అక్కడ కాపురమున్నదే. ఒఫియోక్రియాస్ ఈడిపస్ అనే జాతి మెటల్లోగోర్జియా అనే పగడాన్ని అంటిపెట్టుకుని ఒక్కో పగడానికి ఒక్కటి చొప్పున బతుకుతుంది. బురద మైదానంలోనైతే ఒళ్లు కూరుకుపోయి చేతి కొసలు మాత్రమే బయట ఉండవచ్చు. అక్కడ కాళ్ల మీద నడిచే గులాబి రంగు ముద్ద కనిపిస్తే అది సముద్రపు పంది, నేల విడిచి ఎర్రగా ఈదిపోయేది ఎనిప్నియాస్టెస్. రెండూ సముద్ర దోసకాయలనే జీవులే, నక్షత్ర చేపలకు దూరపు బంధువులు.

పరిమాణాన్ని కంటితో అంచనా వేయవద్దు. అనేక వాహనాలు రెండు లేజర్ చుక్కలను వేస్తాయి, వాటి మధ్య దూరం తరచుగా 10 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ యాత్రలో ఎంతో చూసుకుని దానితో కొలవాలి. రంగును కూడా పూర్తిగా నమ్మవద్దు, నీరు ఎరుపును ముందుగా పీల్చుకుంటుంది కాబట్టి జీవి దూరంగా ఉన్నకొద్దీ దాని రంగు వేరుగా కనిపిస్తుంది.

వీడియోను బట్టి కుటుంబం వరకు, అదృష్టం బాగుంటే ప్రజాతి వరకు చెప్పడమే మంచిది. జాతి పేరు చెప్పాలంటే చాలాసార్లు నమూనా చేతిలో ఉండాలి. అలాంటి అవకాశం వస్తే, బ్రిటిల్ స్టార్‌ను చేతులు పట్టుకుని ఎత్తకూడదు, అది వాటిని తెంపేసుకుంటుంది. బిళ్ల కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. రంగు వెలిసిపోకముందే రెండు వైపులా ఫొటోలు తీసి, డీఎన్ఏ పరీక్ష కోసం 95 శాతం ఇథనాల్‌లో ఉంచాలి. బఫర్ (ఆమ్ల గుణాన్ని అదుపులో ఉంచే పదార్థం) కలపని ఫార్మలిన్ ఆమ్ల గుణంతో సున్నపు పలకలను తినేస్తుంది, కాబట్టి దాన్ని వాడవద్దు. సముద్ర దోసకాయనైతే చర్మం ముక్కను బ్లీచ్‌లో కరిగించి, మిగిలే సూక్ష్మమైన సున్నపు ముక్కలను కడిగి మైక్రోస్కోప్ కింద చూడాలి, ఎందుకంటే జాతిని తేల్చడంలో వాటి ఆకారమే ప్రధానమైన ఆధారం.

నమోదు చేసేటప్పుడు లోతు, సమయం, స్థానం, నేల స్వభావంతో పాటు, ఏ లక్షణం చూసి ఆ పేరు పెట్టారో ఒక్క వాక్యంలో రాయండి. చేతి మొదలు కనిపించకపోతే కనిపించలేదనే రాయండి. పేరు ఇప్పటికీ చెల్లుబాటులో ఉందో లేదో నక్షత్ర చేపలకైతే వరల్డ్ ఆస్టీరాయిడియా డేటాబేస్‌లోనో, బ్రిటిల్ స్టార్లకైతే వరల్డ్ ఒఫియూరాయిడియా డేటాబేస్‌లోనో సరిచూసుకోండి. పెద్ద వర్గాలు కూడా మారుతుంటాయి: న్యూజీలాండ్ తీరానికి అవతల, మునిగిన కొయ్య మీద దొరికిన సెంటీమీటరైనా లేని జైలోప్లాక్స్‌ను 1986లో మొదట ప్రత్యేక తరగతిగా లెక్కపెట్టారు, ఇప్పుడు దాన్ని నక్షత్ర చేపల్లోనే చేర్చారు.