ఉల్లంకి పిట్ట ఫొటో ఉంది, పేరే తేలట్లేదా?

వానలు వెనక్కి పోయి చెరువు నీళ్లు కాస్త తగ్గితే చాలు, నల్లగొండ పక్కన ఉదయసముద్రం అంచుల్లో, పాలమూరు వైపు కోయిల్‌సాగర్ బురదలో ఉల్లంకులు, అంటే శాండ్‌పైపర్లనే సన్నముక్కు పిట్టలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వంద ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి, పుస్తకం ముందేసుకుని తల పట్టుకుంటారు. నేనూ రెండు చలికాలాలు అదే పని చేశాను. లోపం చాలాసార్లు ఫొటోలోనే ఉంటుంది.

పిట్ట మసిబొగ్గులా వచ్చింది

కారణం: ఎండకు ఎదురుగా నిలబడ్డారు, లేదా నీళ్ల మెరుపు చూసి కెమెరా వెలుగు తగ్గించేసింది. పొద్దున తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున నిలబడండి. ఫోనైతే పిట్ట మీద నొక్కి వెలుగు కొంచెం పెంచండి. ఎండెక్కాక బురద మీద గాలి అలల్లా ఆడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా ఒకటే, ఇంటికెళ్లి చాయ్ తాగడం మేలు.

వుడ్ శాండ్‌పైపరా, గ్రీనా, కామనా?

వుడ్, గ్రీన్, కామన్ అనేవి శాండ్‌పైపర్లలో మూడు రకాలు. అందరం ఇరుక్కునేది ఇక్కడే. కారణం, అందరూ ముందు కాళ్ల రంగు చూస్తారు. వుడ్ కాళ్లు పసుపు, గ్రీన్ కాళ్లు ముదురు ఆకుపచ్చ అని పుస్తకంలో ఉంటుంది కదా. నేనూ ఒకసారి నల్లటి కాళ్లు చూసి ధీమాగా గ్రీన్ అని రాసుకున్నాను. అదే వరసలో నాలుగు ఫొటోల తర్వాత పిట్ట నీళ్లలో దిగి బయటికొచ్చింది: కాళ్లు పసుపు! మోకాళ్ల దాకా ఉన్నది చెరువు బురద.

కాళ్లను చివరికి వదిలేయండి. ముందు భుజం చూడండి. పొట్ట తెలుపు రెక్క ముందు నుంచి పైకి ఒక పాయలా దూరి ఉంటే అది కామన్, ఇక వెతకక్కర్లేదు. పాయ లేకపోతే కనుబొమ్మ చూడండి. వుడ్‌కు తెల్ల గీత కన్ను దాటి వెనక్కి సాగుతుంది. గ్రీన్‌కు కంటి దగ్గరే ఆగిపోతుంది, కన్ను చుట్టూ తెల్ల వలయం తెలుస్తుంది. తర్వాత వీపు: వుడ్ మీద నూకలు చల్లినట్టు పెద్ద మచ్చలు, గ్రీన్ ముదురు వీపు మీద గసగసాలంత చుక్కలు.

ఇంకా తేలకపోతే, అది లేచేటప్పుడు వరసగా షాట్లు కొట్టండి. మసకగా వచ్చినా పనికొస్తాయి. కామన్‌కు రెక్క మీద తెల్ల చార ఉంటుంది, నడుము గోధుమరంగే. మిగతా రెండింటికీ తోక మొదట్లో తెలుపే, కానీ రెక్క కింద గ్రీన్‌కు దాదాపు నలుపు, వుడ్‌కు లేత రంగు.

సైజు అంతు చిక్కట్లేదు

బాగా కత్తిరించిన ఫొటోలో పిచ్చుకంత ఉండే లిటిల్ స్టింట్ అనే బురద పిట్ట కూడా కోడిపిల్లలా కనిపిస్తుంది. కత్తిరించని ఫొటో ఒకటి దాచుకోండి. పక్కన తీతువు ఉంటే ఇంకా మంచిది, అది దాదాపు 33 సెంటీమీటర్లు. శాండ్‌పైపర్లు మూడూ సుమారు 20 సెంటీమీటర్లే.

ఫొటో బాగుంది, అయినా అనుమానం

ఒకరోజు గట్టు మీద వల సర్దుకుంటున్న పెద్దాయనకు ఫోన్‌లో ఫొటో చూపించి, ఏ పిట్ట అని అడిగాను. తెర వైపు సరిగా చూడనే లేదు. "తోక ఆడిస్తుండెనా, సారూ?" అన్నాడు. ఫొటో చూసి నేనేం చెప్పను! కామన్ శాండ్‌పైపర్ నిలబడ్డా వెనక భాగం ఊపుతూనే ఉంటుంది. వుడ్, గ్రీన్ కూడా ఊపుతాయి గానీ అంత తెరిపి లేకుండా కాదు. అప్పటి నుంచి ప్రతి పిట్టకూ పది సెకన్ల వీడియో తీస్తున్నాను. కూత కూడా అందులోనే పడుతుంది.

యాప్ ఒక్కో ఫొటోకు ఒక్కో పేరు చెబుతోంది

మెర్లిన్‌లాంటి యాప్‌లో ఊరు, తేదీ సరిగా పెట్టారా చూడండి. అదే పిట్టవి మూడు నాలుగు ఫొటోలు, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి ఇవ్వండి. అప్పటికీ పేర్లు మారుతుంటే "శాండ్‌పైపర్" అని మాత్రమే రాసుకుని వదిలేయండి. నా డైరీలో అలాంటివి పేజీకొకటి ఉంటాయి.