టేబుల్‌లో కాలమ్ నిర్వచనాన్ని కమాండ్లతో మార్చడం ఎలా?

అనంతపురంలో ఒక చెనక్కాయల మండీకి లెక్కల సాఫ్ట్‌వేర్ నేను చూస్తుంటాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఆ వారంలోనే గుమాస్తా ఫోన్ చేశాడు: "సార్, కదిరోళ్ల బిల్లు పడడం ల్యా. ధర్మవరమోళ్లదీ అంతే."

కారణం చిన్నదే. రైతులు అనే టేబుల్‌లో జిల్లా అనే కాలమ్‌కు ఎవరో పూర్వం 10 అక్షరాలని గీత గీశారు. కడపకు 3 చాలు, కర్నూలుకు 7, అనంతపురానికీ చిత్తూరుకూ 8. నాలుగు జిల్లాలూ ఇమిడాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కదిరి, ధర్మవరం చేరిన కొత్త జిల్లా ‘శ్రీ సత్యసాయి’ దగ్గర గీత దాటింది. మన కంటికి ‘శ్రీ’ ఒక్క అక్షరమే. డేటాబేస్‌కు మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు. మధ్యలో ఖాళీతో కలిపి పేరు మొత్తం 13 అవుతుంది. తెలుగులో సమాచారం దాచేవాళ్లు కొలత వేసుకునేటప్పుడు ఈ లెక్క మరవొద్దు.

అలాంటి నిర్వచనాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మార్చే పద్ధతి చెబుతాను. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే. టేబుల్, కాలమ్ పేర్లు తెలుగులో ఉన్నా పోస్ట్‌గ్రెస్‌కు అభ్యంతరం లేదు.

మొదట, ఉన్నదేమిటో చూడండి

పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు ఇచ్చే ప్రోగ్రాం) తెరిచి బ్యాక్‌స్లాష్, డి కొట్టి టేబుల్ పేరు రాయండి:

\డి రైతులు

ప్రతి కాలమ్ పేరు, రకం, పొడవు, ఖాళీగా ఉండొచ్చా లేదా, ఏమీ ఇవ్వకపోతే పడే విలువ అన్నీ కనబడతాయి. ఇవన్నీ డేటాబేస్ తన గురించి తాను రాసుకున్న నిఘంటువులోంచి వస్తాయి. ఇన్ఫర్మేషన్ స్కీమాలోని కాలమ్స్ అనే వ్యూలో (వ్యూ అంటే టేబుల్‌లా కనిపించే, దాచిపెట్టిన ప్రశ్న) వెతికితే జిల్లా అనే కాలమ్ ఇంకే టేబుళ్లలో ఉందో కూడా తెలుస్తుంది. మా దగ్గర మూడుచోట్ల తేలింది: రైతులు, బిల్లులు, లారీలు. ఈ నిఘంటువు టేబుళ్లలోకి చెయ్యి పెట్టి నేరుగా దిద్దకండి. మార్పు ఎప్పుడూ కమాండ్ ద్వారానే జరగాలి.

ఆ కాలమ్ మీద ఆధారపడ్డవి చూడండి

నెలవారీ లెక్క అనే వ్యూ జిల్లా కాలమ్‌ను వాడుతోందనుకోండి. అప్పుడు రకం మార్చబోతే, వ్యూ వాడుతున్న కాలమ్ రకం మార్చడం కుదరదని పోస్ట్‌గ్రెస్ మొండికేస్తుంది. బ్యాక్‌స్లాష్ ఎస్‌వీ కొట్టి ఆ వ్యూ రాతను ఒక ఫైలులో దాచుకోండి. దాన్ని తీసేసి, కాలమ్ మార్చి, మళ్లీ కట్టాలి. ఈ మూడు పనులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే కట్టలో) చెయ్యొచ్చు.

పీజీ డంప్‌తో బ్యాకప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తీయండి, అంతే.

ఇప్పుడు మార్పు

బిగిన్;
సెట్ లోకల్ లాక్_టైమౌట్ = '5ఎస్';
డ్రాప్ వ్యూ నెలవారీ_లెక్క;
ఆల్టర్ టేబుల్ రైతులు ఆల్టర్ కాలమ్ జిల్లా టైప్ వార్‌క్యార్(40);

వార్‌క్యార్(40) అంటే 40 అక్షరాల దాకా పట్టే రకం. ఆ తర్వాత దాచుకున్న క్రియేట్ వ్యూ వాక్యం వేయండి. ‘శ్రీ సత్యసాయి’ అని ఒక వరస ఎక్కించి చూడండి. ఎక్కితే ఆ పరీక్ష వరసను చెరిపి కమిట్ కొట్టండి. ఏదైనా తేడా కొడితే రోల్‌బ్యాక్ అంటే అంతా మొదటికి వస్తుంది, తీసేసిన వ్యూతో సహా. మైఎస్‌క్యూఎల్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఆల్టర్ వేసిన మరుక్షణమే కమిట్ అయిపోతుంది.

బిగిన్‌కూ కమిట్‌కూ మధ్య టీకి పోవద్దు. ఆ టేబుల్‌కు తాళం పడి ఉంటుంది, చదివేవాళ్లు కూడా ఆగిపోతారు. లాక్ టైమౌట్ పెట్టింది కూడా ఇందుకే: ఇంకెవరో టేబుల్‌ను పట్టుకుని ఉంటే మన ఆల్టర్ వాళ్ల వెనక నిలబడుతుంది, మన వెనక మండీ అంతా నిలబడుతుంది. దానికన్నా 5 సెకండ్లు చూసి తప్పుకోవడం మేలు.

పొడవు పెంచడం తేలిక, పోస్ట్‌గ్రెస్ 9.2 నుంచి దానికోసం వరసలన్నీ తిరగరాయదు. తగ్గించడంలోనే ప్రమాదం. మామూలుగా తగ్గించబోతే, పట్టని విలువ ఉందని ఎర్రర్ ఇస్తుంది. కొందరు ఆ ఎర్రర్ తప్పించుకోవడానికి యూజింగ్ (పాత విలువను కొత్త రకంలోకి ఎలా మార్చాలో చెప్పే భాగం) చేర్చి బలవంతంగా రకం మారుస్తారు. అప్పుడు తోకలు చప్పుడు లేకుండా తెగిపోతాయి.

చప్పుడు చెయ్యని నష్టం

ఆ రోజే ఇంకోటి బయటపడింది. క్వింటాళ్లు కాలమ్ ఇంటిజర్‌గా, అంటే పూర్ణసంఖ్యగా ఉంది. కాటా చీటీలో 12.35 అని ఉంటే అది 12గా కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. 35 కిలోల చెనక్కాయలు లెక్కలోంచి పోయినట్టే.

ఆల్టర్ టేబుల్ బిల్లులు ఆల్టర్ కాలమ్ క్వింటాళ్లు టైప్ న్యూమరిక్(8,2);

8 అంటే మొత్తం అంకెలు, అందులో చుక్క తర్వాతవి 2. ఇది టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది కాబట్టి మండీ మూసాక రాత్రి చేశాను. ఇకపై 12.35 నిలుస్తుంది. ఇంతకుముందు 12 అయిపోయినవి మాత్రం ఈ కమాండుతో తిరిగి రావు, చీటీల కట్ట విప్పాల్సిందే.

ఖాళీ వదలకూడదని సెట్ నాట్ నల్ పెట్టాలనుకుంటే ముందు ఖాళీలు ఎన్నున్నాయో లెక్కపెట్టి పూరించండి. ఒక్కటి మిగిలినా కమాండ్ ఒప్పుకోదు. సెట్ డిఫాల్ట్ మాత్రం రాబోయే వరసలకే వర్తిస్తుంది, పాతవాటిని తాకదు.

మూడుచోట్ల ఒకే నిర్వచనం

వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పాత యంత్రాల మీద సీడీడీ (కామన్ డేటా డిక్షనరీ) రిపాజిటరీలో ఫీల్డ్‌ను ఒకసారి నిర్వచిస్తే రికార్డులన్నీ దాన్నే వాడుకునేవి. డిఫైన్ ఫీల్డ్ అంటే కొత్త వెర్షన్, చేంజ్ ఫీల్డ్ అంటే ఉన్నదాన్నే దిద్దడం. పోస్ట్‌గ్రెస్‌లో దానికి దగ్గరగా ఉండేది డొమైన్, అంటే షరతులతో కలిపి మనం పేరు పెట్టుకునే రకం.

క్రియేట్ డొమైన్ జిల్లా_పేరు యాజ్ టెక్స్ట్ కన్‌స్ట్రెయింట్ పొడవు చెక్ (క్యార్_లెంగ్త్(వాల్యూ) <= 40);

ఆ తర్వాత మూడు టేబుళ్లలోనూ జిల్లా కాలమ్ రకాన్ని జిల్లా_పేరుగా మార్చాలి. దీన్ని వార్‌క్యార్ మీద కాక టెక్స్ట్ మీద కట్టడానికి కారణం ఉంది. ఆల్టర్ డొమైన్ కమాండుకు అడుగున ఉన్న రకాన్ని మార్చే శక్తి లేదు, షరతులను మాత్రం తీసి పెట్టగలదు. రేపు 40 చాలకపోతే డ్రాప్ కన్‌స్ట్రెయింట్ పొడవు, ఆ వెంటనే కొత్త కొలతతో యాడ్ కన్‌స్ట్రెయింట్. మూడు టేబుళ్లకూ ఒకేసారి వర్తిస్తుంది.

అర్థం కూడా నిర్వచనమే

కొలత మార్చడం నిమిషం పని. నన్ను అరపూట కూర్చోబెట్టింది వేరే ప్రశ్న: కదిరి రైతు 2021 బిల్లులో జిల్లా ఏమని ఉండాలి? ఇప్పటి పేరా, సరుకు తెచ్చిన నాటి పేరా? యజమాని వెంటనే తేల్చాడు: "ఆ పొద్దు ఇచ్చిన బిల్లు ఆ పొద్దుదే. దాన్ని ముట్టొద్దు." అందుకే రైతులు టేబుల్‌లో కదిరి, ధర్మవరం, హిందూపురం వాళ్ల జిల్లా అప్‌డేట్ చేసి, బిల్లులు టేబుల్‌ను అలాగే వదిలాను. ఆ తేడా నాతోనే పోకుండా నిఘంటువులో రాశాను:

కామెంట్ ఆన్ కాలమ్ బిల్లులు.జిల్లా ఈజ్ 'సరుకు వచ్చిన రోజున రైతు ఊరు ఉన్న జిల్లా. తర్వాత మార్చరాదు';

బ్యాక్‌స్లాష్ డి ప్లస్ కొడితే ఈ మాట కాలమ్ పక్కనే కనిపిస్తుంది.

అన్నీ సర్దుకున్నాయనుకుంటే మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్. బిల్లు స్క్రీన్ మీది ఫారంలో కూడా ఆ పాత 10 అంకె విడిగా కూర్చుని ఉంది. కాబట్టి డేటాబేస్ మార్చిన రోజే ఫారం, ప్రింటు బిల్లు, ఎక్సెల్‌కు ఎగుమతి చేసే ప్రోగ్రాం, ఈ మూడింట్లోనూ పాత కొలత కోసం వెతకండి.